మూలానికి మొక్కాల్సిన పని లేదు

స్టార్‌షిప్ ట్రూపర్స్ సినిమా ప్రస్తావన వస్తే చాలు, చూసినవాళ్లూ చూడనివాళ్లూ ఒకే తీర్పు చెబుతారు. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన నవల గొప్పదట. పాల్ వెర్హోవెన్ ఆ నవలను పూర్తిగా చదవకుండానే 1997లో సినిమా తీసి దాన్ని ఖూనీ చేశాడట. ఈ మాట అమెరికాలో పుట్టి, ఇంగ్లీషులో సైన్స్ ఫిక్షన్ చదివే మన కుర్రకారు నోటికెక్కింది. బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగాల నుంచి పండక్కి మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వచ్చే పిల్లలు కూడా దీన్నే వల్లిస్తున్నారు. 2025 మార్చిలో దర్శకుడు నీల్ బ్లోంకాంప్ అదే నవలను మళ్లీ సినిమాగా తీయబోతున్నాడన్న వార్త వచ్చాక, ఈసారైనా అసలు కథ తెరకెక్కుతుందన్న సంబరం కూడా మొదలైంది.

ఆ తీర్పును నేను ఒప్పుకోను. వెర్హోవెన్ సినిమా నవలతో వాదానికి దిగింది. ఒక పుస్తకాన్ని పట్టించుకున్నవాడే దానితో వాదిస్తాడు. ఇంకో సంగతి కూడా ఉంది. నవలకు ద్రోహం జరిగిందని బాధపడేవాళ్లలో చాలామందికి అందులోని ఒక రాజకీయ ప్రతిపాదన నచ్చింది. దాన్ని ఎవరో వెక్కిరించారని వాళ్ల కోపం. ఆ ప్రతిపాదన మన తాతల కాలంలో, మన తాలూకాల్లోనే కొంతవరకు అమలై, చెల్లదని తేలిపోయిన సరుకు.

ముందు పూర్వపక్షాన్ని పూర్తిగా విందాం. హైన్‌లైన్ అమెరికా నౌకాదళ అకాడమీ నుంచి 1929లో పట్టా పుచ్చుకున్నాడు. క్షయ రావడంతో 1934లో నౌకాదళం అతన్ని ఇంటికి పంపేసింది. యుద్ధంలో ఎన్నడూ పోరాడలేదు గానీ సైన్యం మీద గౌరవం జీవితాంతం నిలుపుకున్నాడు. 1958లో అణుపరీక్షలు ఆపాలన్న ఉద్యమం అమెరికాలో ఊపందుకున్నప్పుడు మండిపడి పత్రికలో ప్రకటన వేయించాడు. ఆ వేడిలోనే ఈ నవల రాశాడు. కుర్రవాళ్ల పుస్తకంగా రాసిస్తే, అంతకుముందు ఆయన పుస్తకాలు వేస్తూ వచ్చిన స్క్రిబ్నర్స్ సంస్థ వద్దంది. పట్నమ్ సంస్థ వేసింది. 1960లో హ్యూగో బహుమతి వచ్చింది.

ఆ నవలలోని లోకంలో ఓటు హక్కు, పదవి పొందే హక్కు అందరికీ ఉండవు. కనీసం రెండేళ్లు ఫెడరల్ సర్వీసు చేసి బయటికొచ్చినవాళ్లకే ఉంటాయి. మిగతావాళ్లు వ్యాపారాలు చేసుకోవచ్చు, సుఖంగా బతకొచ్చు. పాలనలో మాత్రం వాళ్లకు నోరు లేదు. హువాన్ రికో అనే ధనవంతుల బిడ్డ సైన్యంలో చేరి, యంత్రకవచం తొడుక్కుని, సాలీళ్లలాంటి గ్రహాంతర జీవులతో పోరాడతాడు. అతని ఇంటి భాష టగాలోగ్ అని నవల చివర్లో గానీ తెలియదు. అంటే నాయకుడు ఫిలిప్పీన్స్ మూలాలున్నవాడు. 1959 నాటి అమెరికాలో అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు సినిమా మీద అభియోగాలు. స్క్రిప్టు రాసిన ఎడ్ న్యూమైయర్ మొదట వేరే కథగా మొదలుపెట్టాడు; నవలతో పోలికలు ఉండటంతో హక్కులు తర్వాత కొన్నారు. వెర్హోవెన్ కొన్ని అధ్యాయాలు చదివి, విసుగొచ్చి, పుస్తకం పక్కన పెట్టానని తానే చెప్పుకున్నాడు. యంత్రకవచాలు మాయమయ్యాయి. ఫిలిప్పీన్స్ మూలాల రికో బ్యూనస్ ఎయిరిస్‌లో పెరిగిన తెల్లకుర్రాడయ్యాడు. నటులు పళ్లపొడి ప్రకటనల్లోని మొహాలేసుకుని తిరుగుతారు. సైనికుల త్యాగం వెక్కిరింత పాలైంది.

వీటిలో చాలావరకు జరిగినవే. వీటి నుంచి తీసిన ముగింపుతోనే నా పేచీ.

చదవలేదన్న అభియోగం నుంచే మొదలుపెడదాం. సినిమా అంటే దర్శకుడొక్కడే కాదు. స్క్రిప్టు రాసిన న్యూమైయర్‌కు నవల బాగా తెలుసు. అందుకే హైన్‌లైన్ ప్రాణం పెట్టిన భాగం సినిమాలోకి దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది. నవల చదివినవాళ్లు ఒకసారి గుండె మీద చెయ్యేసుకుని చెప్పాలి: అందులో యుద్ధం ఎంత, పాఠం ఎంత? పేజీలకు పేజీలు తరగతి గదిలోనే నడుస్తాయి. చెయ్యి పోగొట్టుకున్న మాజీ సైనికుడు పంతులై, హింసే అన్నిటికీ అంతిమ తీర్పని పిల్లలకు బోధిస్తాడు. కొరడా దెబ్బల శిక్ష ఉంటుంది. సైన్యంలో చేరతానన్న కొడుకు మీద తండ్రి విరుచుకుపడతాడు. ఇవన్నీ సినిమాలో ఉన్నాయి. పోయింది కవచం. అభిమానులు కవచం కోసం ఏడుస్తున్నారు; హైన్‌లైన్ మాత్రం పాఠం చెప్పడానికే నవల రాశాడు. ఆ పాఠాన్ని దాదాపు అలాగే వినిపించి, దాని ఫలితం ఏమిటో పక్కనే చూపించడం సినిమా చేసిన పని.

పుస్తకం మూసేసిన మనిషి ఎవరో కూడా చూడాలి. వెర్హోవెన్ 1938లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. బాల్యం హేగ్ నగరంలో, నాజీల ఆక్రమణ కింద గడిచింది. ఆ నగరం నుంచే జర్మన్లు వీ-2 రాకెట్లు లండన్ మీదికి వదిలేవారు. వాటి స్థావరాలను కొట్టబోయిన మిత్రపక్షాల విమానాలు 1945 మార్చి 3న గురితప్పి బెజైడెన్‌హౌట్ అనే జనావాసం మీద బాంబులు కురిపించాయి. అప్పటికి అతనికి ఏడేళ్లు కూడా నిండలేదు. యూనిఫారాలు, కవాతులు, శత్రువును పురుగుగా చూపించే ప్రచారం, గెలిచేవాడి బాంబు కూడా పక్కింటి మీద పడటం, ఇవన్నీ అతను కళ్లారా చూశాడు. హైన్‌లైన్‌ను నాజీ అనడం నా ఉద్దేశం కాదు, అది అన్యాయం. అయితే సైనిక రాజ్యాన్ని కాగితం మీద ఊహించినవాడికి, అలాంటి రాజ్యం కింద పిల్లవాడిగా బతికినవాడు జవాబు చెబితే, నువ్వు పుస్తకం ఎన్ని పేజీలు చదివావని అడగటం ఏం విమర్శ?

ఇక ద్రోహం అనే మాట. మూలాన్ని మార్చడం ద్రోహమైతే తెలుగువాళ్లం సినిమా తీయడమే మానుకోవాలి. 1957లో మాయాబజార్ చూసి మురిసిపోయిన తాతలు శశిరేఖా పరిణయం వ్యాసుడు రాయలేదని కె.వి.రెడ్డి మీద కేసు పెట్టలేదు. 1977 సంక్రాంతికి దాన వీర శూర కర్ణ వస్తే, దుర్యోధనుడికి ఆ గొంతు ఎవరిచ్చారని జనం అడగలేదు. నాలుగు గంటల సినిమాకు కదలకుండా కూర్చున్నారు. అంతకుముందే, 1920లో, త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ నాటకం రాసి రామాయణాన్నే నిలదీశాడు. ఆయనతో ఏకీభవించనివాళ్లు కూడా ఆ నాటకాన్ని నాటకంగానే ఎదుర్కొన్నారు. మా పక్కనున్న పల్నాడునే తీసుకోండి. వీరవిద్యావంతులు పాడే కథలో నాయకురాలు నాగమ్మ కుట్రదారు. ఇవాళ ఆమెను సమర్థురాలైన మంత్రిగా చూసి మాట్లాడేవాళ్లు పల్నాడులోనే ఉన్నారు. కారంపూడిలో వీరుల ఉత్సవం ఏటా జరుగుతూనే ఉంది, కథ మీద తగవూ నడుస్తూనే ఉంది. యుద్ధకథ ఎక్కడైనా అలాగే బతుకుతుంది.

త్రిపురాంతకం కొండ మీది దేవుడికి ఆ పేరు తెచ్చిన కథే తీసుకుందాం. తారకాసురుడి ముగ్గురు కొడుకులు. మయుడు కట్టిచ్చిన మూడు ఎగిరే నగరాలు, బంగారంతో ఒకటి, వెండితో ఒకటి, ఇనుముతో ఒకటి. వెయ్యేళ్లకొకసారి మూడూ కలిసినప్పుడు ఒక్క బాణంతో కాల్చేసిన శివుడు. ఆకాశంలో యుద్ధమంటే మనకు హాలీవుడ్ నేర్పాల్సిన పని లేదు. భారతంలో ఈ కథను చెప్పేది ఎవరో గుర్తుందా? కర్ణపర్వంలో దుర్యోధనుడు, శల్యుడికి చెబుతాడు. కర్ణుడికి సారథిగా ఉండనని మొండికేసిన రాజును దారికి తెచ్చుకోవడానికి, శివుడికి బ్రహ్మే సారథ్యం చేశాడని ఈ కథ ఎత్తుకుంటాడు. అంటే మన త్రిపుర కథ భారతంలో యుద్ధానికి మనిషిని కుదుర్చుకునే మాటగా వస్తుంది. చేర్చుకునేవాడి నోట యుద్ధకథ ఎలా వినిపిస్తుందో వ్యాసుడికి తెలుసు. వెర్హోవెన్‌కూ తెలుసు. అందుకే అతని సినిమా సైన్యంలో చేరండన్న ప్రకటనతో మొదలవుతుంది, మధ్యమధ్య ప్రభుత్వ వార్తాచిత్రాలతో సాగుతుంది, మళ్లీ అలాంటి ప్రకటనతోనే ముగుస్తుంది. లెని రీఫెన్‌స్టాల్ 1935లో హిట్లర్ కోసం తీసిన చిత్రంలోని చట్రాలను, అమెరికా సైన్యం కోసం ఫ్రాంక్ కాప్రా తీసిన యుద్ధ ప్రచార చిత్రాల ధోరణిని అతను కావాలనే వాడుకున్నాడు. తెర మీద మనం చూస్తున్నదంతా ఆ రాజ్యం తన గురించి తాను తీసుకున్న సినిమా. నటుల మొహాలు బొమ్మల్లా ఉన్నాయన్న ఫిర్యాదుకు జవాబు అక్కడే ఉంది. ప్రచార చిత్రంలో మనుషులు పోస్టర్లలా ఉండక ఎలా ఉంటారు?

పురాణకర్తలు ఇంకో పని కూడా చేశారు. శివపురాణంలో ఆ అసురులు శివభక్తులు. భక్తి ఉన్నంతకాలం వాళ్లను చంపడం కుదరదు. అందుకని విష్ణువు ఒక మాయాబోధకుణ్ణి సృష్టించి, వాళ్లను దారితప్పించాకే బాణం వదిలే వీలు కలిగింది. గెలిచినవాడి కథలోనే గెలుపు వెనక మోసముందని రాసుకున్నారు. రుద్రాక్షలు పుట్టింది త్రిపుర సంహార సమయంలో శివుడి కళ్ల నుంచి రాలిన నీటి బొట్ల వల్లనని దేవీభాగవతం చెబుతుంది. అక్కడ గెలిచినవాడి కళ్లే చెమర్చాయి; వెర్హోవెన్ సినిమా ఆఖర్లో మాత్రం సైనికులు పట్టుకొచ్చిన జీవి భయపడుతోందని తెలిసి గుంపు చప్పట్లు కొడుతుంది. శత్రువు భయం చూసి పండగ చేసుకునే సైన్యం మీద దర్శకుడి తీర్పు ఏమిటో ఆ చప్పట్లే చెబుతాయి. వాటిని విజయమనుకుని ప్రేక్షకుడూ చప్పట్లు కొడితే, తప్పు దర్శకుడిదా?

అసలు గట్టి వాదన ఓటు గురించి. అభిమానులు ఇలా అంటారు: హైన్‌లైన్ ప్రతిపాదనలో బలవంతం లేదు, కులం లేదు, జాతి లేదు, ఆడా మగా తేడా లేదు. సినిమాలోనూ పురుగుల గ్రహం క్లెండాతు మీద దాడిలో గంటలో లక్షమంది చనిపోతే సర్వసేనాని బాధ్యత ఒప్పుకుని దిగిపోతాడు, అతని స్థానంలో ఒక నల్లజాతి స్త్రీ వస్తుంది. ఇంతకన్నా మంచి రాజ్యం ఏముంది? సమాజం కోసం రెండేళ్లు ఇవ్వలేనివాడు సమాజాన్ని ఎందుకు ఏలాలి? మన దగ్గర చదువుకున్నవాళ్లకే ఓటు ఉండాలి, పన్ను కట్టేవాళ్లకే ఓటు ఉండాలి అని టీ బంకుల దగ్గర వినిపించే మాటకు ఇది ఇంగ్లీషు రూపం.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉన్నవాడికి, పన్ను కట్టేవాడికి, చదువు అర్హత ఉన్నవాడికి ఉంది. సైన్యంలో పనిచేసి విరమించినవాడికి, పింఛను పొందేవాడికి కూడా ఉంది. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం ప్రాంతాల్లోనూ అదే చట్టం. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. వాళ్లలో ఎందరి తల్లులకు, తమ్ముళ్లకు, పాలేర్లుగా బతికిన నాన్నలకు ఆ యుద్ధంలోకి దేశాన్ని దింపినవాళ్లను ప్రశ్నించే ఓటు ఉంది? సేవ చేసినవాడికి హక్కు అన్న సూత్రాన్ని తెల్లదొర ఇలాగే పాటించాడు: ఇంటికొకణ్ణి తీసుకుని, ఇల్లంతటికీ నోరు లేకుండా చేశాడు. రాజ్యాంగం 326వ అధికరణంలో ఆ కొలతలన్నీ పక్కనపెట్టి, వయసొచ్చిన ప్రతివాడికీ ఓటిచ్చింది. 1951-52 తొలి ఎన్నికల జాబితాలో 17 కోట్ల పైచిలుకు ఓటర్లు చేరారు. వాళ్లలో ఎక్కువమందికి సంతకం రాదు. దేశం కూలిపోలేదు.

సేవను ఎవరు కొలుస్తారన్నది రెండో ప్రశ్న. హైన్‌లైన్ లోకంలో ఆ కొలబద్ద రాజ్యం చేతిలో ఉంది. పశ్చిమ ప్రకాశంలో సేవ ఎలా ఉంటుందో చెబుతాను. ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు అరిగిన ముసలమ్మ మిరప చేలో కాయ కోస్తూనే ఉంటుంది. ఆమె కొడుకు బెంగళూరులో బేల్దారి పనికి వలసపోయి వేరేవాళ్ల ఇళ్లు కడతాడు. ఇద్దరూ యూనిఫారం వేయలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలు తవ్వుతూనే ప్రభుత్వాలు మారాయి. ఆ నీళ్లు ఎప్పుడొస్తాయని నిలదీసే హక్కు ఈ తల్లీకొడుకులకు కాక ఇంకెవరికుండాలి? ఓటు సేవకు ఇచ్చే బహుమానమైతే, పాలకుడు తనకు నచ్చిన పనినే సేవ అంటాడు. ఓటు ఆ పాలకుణ్ణి అదుపులో పెట్టే తాడు కాబట్టే, అది అతని చేతిలోంచి రాకూడదు.

సినిమా ఈ మాటను ఉపన్యాసంలా చెప్పదు, చూపిస్తుంది. పొద్దున పట్టుకున్న నిందితుడికి అదే రోజు విచారణ, అదే రోజు మరణశిక్ష, దాన్ని అన్ని చానెళ్లలో ప్రసారం. పిల్లల చేతికి తూటాలిచ్చి నవ్వే సైనికులు. బొద్దింకలను కాలితో నలిపే పిల్లలు, పక్కనే చప్పట్లు కొట్టే పెద్దావిడ. పురుగులు ఊరికే యుద్ధానికి రాలేదు, మనుషులే వాటి ప్రాంతంలోకి వెళ్లి వలస పెట్టారు కదా అని ఒక విలేకరి అంటే, రికో అందరినీ చంపాలి అని అరుస్తాడు. అక్కడ ఆడామగా సమానమే, నలుపు తెలుపు సమానమే. అందరూ ఒకే తిరగలిలో సమానంగా నలుగుతారు. 1994లో రువాండా రేడియో టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ ఊచకోతకు జనాన్ని ఎగదోసింది. సినిమా వచ్చింది 1997లో. ఎదుటివాణ్ణి పురుగన్నాక ఏమవుతుందో ఊహించడానికి సైన్స్ ఫిక్షన్ అక్కర్లేకుండా పోయింది.

సైనికుల్ని కించపరిచిందన్న మాట మా వైపు తొందరగా నాటుకుంటుంది. గిద్దలూరు, కంభం వైపు మిలట్రీ మనిషి ఉన్న ఇల్లు కొత్త కాదు. తెల్లవారకముందే రోడ్డు మీద ఈవెంట్లకు పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలను ఏ ఊళ్లోనైనా చూడొచ్చు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద వాళ్లలో చేరినవాళ్లకు నాలుగేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు. అలాంటి పిల్లవాడి తండ్రి ఈ సినిమా చూస్తే కోపం తెచ్చుకోవాల్సింది ఎవరి మీద? సినిమాలో రికో పిరికివాడు కాదు, అతని తోటి సైనికురాలు డిజ్ పిరికిది కాదు. తోటివాడి కోసం ప్రాణమివ్వడానికి వెనకాడరు. వెక్కిరింత వాళ్ల మీద లేదు; వాళ్లను పిలిచినవాళ్ల మీద ఉంది. చేర్చుకునే కౌంటర్లో కూర్చున్న సార్జెంటుకు కాళ్లు లేవు, ఒక చెయ్యి లేదు. సైన్యమే నన్ను మనిషిని చేసిందని గర్వంగా చెబుతాడు. కథ నడిచేకొద్దీ కొత్తగా చేరేవాళ్ల వయసు తగ్గిపోతుంది. ఆఖరికి మీసాలు రాని పిల్లలు తుపాకులు పట్టుకుని వస్తారు. ఇది సైనికుణ్ణి అవమానించడమా, సైనికుణ్ణి ఖర్చుపెట్టేవాడి లెక్క అడగడమా?

సైనికుడే ఆ లెక్క అడిగిన పుస్తకం కూడా ఉంది. వియత్నాంలో గాయపడి వచ్చిన జో హాల్డ్‌మన్ 1974లో ది ఫరెవర్ వార్ రాశాడు. అందులోనూ యంత్రకవచాలున్నాయి, గ్రహాంతర యుద్ధముంది. చివరికి ఆ యుద్ధం అపార్థంతో మొదలైందని తేలుతుంది. హైన్‌లైన్‌కు అది జవాబన్నది అందరూ చెప్పే మాటే. హ్యూగో బహుమతి దానికీ ఇచ్చారు. నవలకు నవల జవాబిస్తే సంప్రదాయం, సినిమా జవాబిస్తే ద్రోహమా? ఈ తేడా ఎక్కడిదో ఎవరూ నాకు చెప్పలేదు.

సినిమాను వెనకేసుకొచ్చే శిబిరం వాళ్లకూ ఒక మాట. ఇది వ్యంగ్యం, అర్థం కానివాడికి బుర్రలేదు అని తేల్చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్ల తెలివి కూడా సినిమాను సగమే చూస్తుంది. యుద్ధ దృశ్యాల్లో గుండె వేగం పెరగకపోతే ఆ సినిమా పనిచేయదు. ఫిల్ టిపెట్ తయారుచేసిన పురుగుల దండు ఎడారి మీద ఉప్పెనలా వచ్చినప్పుడు మనం మనుషుల పక్షాన ఊపిరి బిగబట్టి చూస్తాం, కాల్చండి అనుకుంటాం. వ్యంగ్యం తెలిసిందని గట్టు మీద కూర్చుని నవ్వేవాడు ఆ ఊపు నుంచి తప్పించుకున్నాననుకుంటున్నాడు. ప్రచారం తెలివితక్కువవాళ్ల మీదే పనిచేస్తుందన్న భ్రమ కూడా ప్రచారానికి కలిసొచ్చేదే.

ఒక అభియోగానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. రికోను తెల్లవాణ్ణి చేయడానికి దర్శకుడికి కారణముంది: నాజీ పోస్టర్లలోని అందగాళ్లలా ఉండాలి. దానివల్ల ఒక పదునైన ప్రశ్న మాయమైంది. అణగారిన జాతి బిడ్డకు పాలనలో చోటు దొరికే ఒకే దారి సైన్యమైతే, ఆ దారి అతనికి హక్కా, ఉచ్చా? నవల ఆ ప్రశ్నను తెలియకుండానే వదిలింది, సినిమా అందుకోలేదు. కొత్త సినిమా తీసేవాళ్లు నవలలోంచి నిజంగా తిరిగి తెచ్చుకోదగింది అదే. వాళ్లు కవచాలు తెచ్చినా తేకపోయినా ఒరిగేదేం లేదు.

కాబట్టి కొత్త సినిమా వచ్చినప్పుడు నవల పక్కన పెట్టుకుని పేజీలు సరిచూసే పని మానుకోండి. ఓటు ఎవరికుండాలని ఆ సినిమా చెబుతోందో, ఎవరిని పురుగంటోందో, చావమని పిలిచేవాడు తాను ఎక్కడ కూర్చున్నాడో చూడండి. ఆ మూడింటికీ జవాబు చెప్పకుండా నవలకు అచ్చంగా నకలు తీస్తే, అది హైన్‌లైన్‌కే అవమానం. ఆయన వాదన కోసమే ఆ నవల రాశాడు; వాదనకు మౌనం జవాబు కాదు.